పాత శాక్సఫోన్‌కి కొత్త మౌత్‌పీస్

మాస్టారికి నమస్కారాలు.

మీ దగ్గర కొన్న పాత సొప్రానో శాక్సఫోన్ అపశ్రుతి పలుకుతోందని, మీరు నన్ను మోసం చేశారని పోయిన నెల రాశాను. ఆ ఉత్తరం చింపేయండి. నాది తొందరపాటు.

వాయిద్యాలు బాగుచేసే తాతగారికి నిన్న చూపించాను. "ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగమ్మా?" అని నవ్వి, తనే ఊది చూశారు. పై స్వరాలకు వెళ్లేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. "దీంట్లో లోపం లేదు. నువ్వు పెట్టిన కొత్త మౌత్‌పీస్ దీనికి పొసగడం లేదు. దీని పాతదే కావాలి," అన్నారు.

పాతది ఎందుకివ్వలేదో మీరు అప్పుడే జవాబు రాశారు. ఊదేటప్పుడు పడిన మీ శ్రీమతిగారి పంటి గుర్తులు దాని మీద ఉన్నాయని, ఆవిడ పోయాక అదొక్కటీ అమ్మడానికి చేతులు రాలేదని. నేను కోపంలో చదివీ చదవనట్టు పక్కన పెట్టేశాను. క్షమించండి.

ఇప్పుడు కూడా దాన్ని ఇమ్మని అడగను. తాతగారు మీ ఇంటికే వచ్చి, మీ కళ్లెదుటే కొలతలు తీసుకుని అలాంటిదే ఇంకొకటి చేస్తారట. పంటి గుర్తుల జోలికి వెళ్లరు.

అందుకూ మీకు మనసొప్పకపోతే నొచ్చుకోను. ఆవిడ ఇష్టంగా వాయించిన పాట ఏదో మాత్రం రాయండి. కుట్టుపని అయ్యాక రోజూ గంటసేపు సాధన చేస్తున్నాను. శ్రుతి కాస్త తప్పినా సరే, ముందు ఆ పాటే నేర్చుకుంటాను.

ఇట్లు,
మీ శాక్సఫోన్ కొనుక్కున్న దర్జీ