మిషన్లు మానేయమన్నాను

ఆదివారం, రాత్రి. రైల్వే వాళ్ల ట్రాఫిక్ క్వార్టర్.

చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, ఎప్పట్లాగే టీవీకి తగిలించిన గేమ్ మిషన్ మీద తమ్ముడు డానీతో వీడియో గేమ్ ఆడినాను. వాడు బెంగుళూరులో, నేనిక్కడ. హెడ్‌ఫోన్లో వాడి గొంతు. క్రికెట్‌లో మళ్లీ నేనే ఓడినాను.

ఆట మధ్యలో వాడు, "అక్కా, మా కంపెనీ ఇలాంటి గేమ్ మిషన్లు చేయడం మానేసి ఒట్టి ఆటలే అమ్ముదామనుకుంటోంది. నువ్వేటంటావు?" అని అడిగినాడు.

"మానేయమను. అందరూ ఫోన్లోనే ఆడుతున్నారు గదా, ఆ డబ్బా ఎవులు కొంటారు?" అనేసినాను.

వాడు ఆట ఆపేసినాడు. తర్వాత మెల్లగా, "ఆ డబ్బా చేసే టీంలోనే ఉన్నానక్కా నేను. పదకొండేళ్ల నుంచి," అన్నాడు.

నా నోరు పడిపోను! వాడు అక్కడ ఏం పని చేస్తాడో ఇన్నేళ్లలో నేను సరిగ్గా అడగనేలేదు.

"నాకేటి తెల్సురా..." అన్నాను.

"ఠీక్ హై అక్కా. ఆఫీసులో సగంమంది నీ మాటే అంటున్నారు," అని కాల్ పెట్టేసినాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నిజానికి నాకు ఆటలంటే ఇష్టం లేదు, క్రికెట్టూ తెలీదు. వారానికో గంట వాడితో మాట్లాడ్డానికే ఆ డబ్బా ముందు కూర్చుంటాను. ఆ మాట ఇవాళ కూడా చెప్పలేకపోయినాను.