మగ్గం గుంటలో గాలి

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిన వారానికి కాలేజీ పంతులుగారొకరు మన ఎమ్మిగనూరు వచ్చారు. నేలలోంచి రేడాన్ అనే కనబడని గాలి ఇళ్లలోకి వస్తుందట. ఎక్కడెంత ఉందో కొలిచి పటం గీస్తున్నారట.

“ఎక్కువసేపు యాడ కూర్చుంటావమ్మా?” అని అడిగారు.

“మగ్గం గుంటలో సామీ.”

“నేస్తావా?”

“లేదు. మగ్గం అమ్మేసినా. మా ఆయన కూర్చున్న తావు అది.”

ఆయన గుంటలోనే ఆ గాలిని కొలిచే చిన్న ఫిలిం డబ్బా వేలాడదీశారు. కొన్ని నెలల తర్వాత తీసుకెళ్లారు. పోయిన వారం మళ్లీ వచ్చి, గుంటలో ఆ గాలి ఎక్కువగా ఉందని, ఊపిరితిత్తులకు మంచిది కాదని, పూడ్చేయమని చెప్పారు.

సరేనని మన్ను తోలించాను. అది వాకిట్లోనే ఉంది. ఈ ఉత్తరం గుంటలో కాళ్లు పెట్టుకునే రాస్తున్నాను.