ఎడమవైపు కుర్చీ

అక్కా,

నువ్వు అల్లి పంపిన ఉన్ని స్వెటర్ వేసుకుంటున్నానని ఫోన్‌లో చెప్పింది అబద్ధం. మొహానికి పట్టిన ఫంగస్‌కి ఆపరేషన్ చేశారు కదా, ఇప్పుడు మందులతో పాటు రోజూ గంటన్నర సేపు గాజు గొట్టంలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇస్తున్నారు. నిప్పురవ్వ పుడుతుందని అందులోకి ఉన్ని రానివ్వరు. తలకు నూనె కూడా రాసుకోనివ్వరు.

లోపల చెవులు మూసుకుపోతాయి. బయటినుంచి ఆపరేటర్ మైకులో "గుటక వేయండి, తేలికైందా?" అని అడుగుతాడు. రోజంతా కలిపి నన్ను పలకరించేది అతనొక్కడే. అందుకే తేలికైనా ఒక్కోసారి కాలేదంటాను, మళ్ళీ అడుగుతాడని.

గొట్టం పక్కన పేషెంట్ తాలూకు వాళ్ళకి ఒక కుర్చీ ఉంటుంది. పదకొండు రోజులు అది ఖాళీగానే ఉంది. నిన్న నీ స్వెటర్ దానిమీద పెట్టాను. ఆపరేటర్ తీయబోతూ "ఇదెవరిదండీ?" అన్నాడు. "మా అక్కది" అన్నాను. అతను దాన్ని కుర్చీ వీపుకు తొడిగి, కుర్చీని నా ఎడమవైపుకి జరిపాడు.

ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. రావద్దన్నది నేనే, ఆ మాట పట్టించుకోకు. వస్తే నువ్వూ ఎడమవైపే కూర్చో. కుడికన్ను తీసేశారు.

నీ తమ్ముడు