రెండో బిగింపు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేను, కొలిమి బాబాయి, షెడ్డు వెనక గోడెక్కి కూర్చునే పిల్లి, ముగ్గురం క్షేమం. నువ్వూ క్షేమమనే అనుకుంటున్నాను. అనుకోవడం ఎందుకంటే నీ ఉత్తరంలో ఆ మాట లేదు. నాలుగు పేజీలూ వెతికాను. ఆ చలి గిడ్డంగిలో పెట్టెలు ఎన్ని వరసల ఎత్తు పేరుస్తారో రాశావు, పక్క మంచం వాడి గురక గురించి రాశావు. నువ్వెలా ఉన్నావో మాత్రం రాయలేదు. ఫోన్ చేస్తే అడుగుతానని భయపడి ఉత్తరం రాస్తున్నానన్నావు. సరే, నేనూ ఉత్తరంలోనే అడుగుతున్నాను. ఎలా ఉన్నావురా?

వానకి షెడ్డు కారుతోందా అన్నావు. కారుతోంది. కొలిమి మీద పడకుండా రేకు అడ్డం పెట్టాం. ఇప్పుడు ఆ నీళ్ళు నా కుర్చీ మీద పడుతున్నాయి. కుర్చీ జరిపాను. బాబాయి మోకాళ్ళ సంగతి అడిగావు. "లారీలకి మార్చినట్టు మనుషులకీ అరిగిన బుష్షులు మార్చే షెడ్డు ఉంటే మొదటి బేరం నాదే" అంటున్నాడు. నేను వేళకి తింటున్నానా అన్నావు. ఒక్కదానికి ఎంత తక్కువ వండినా మిగులుతుంది. మిగిలింది మర్నాడు తింటాను. నిన్నటి నేనూ ఇవాళ్టి నేనూ కలిసి భోంచేస్తున్నట్టు ఉంటుంది. నవ్వకు. మాట్లాడటానికి మనిషి లేకపోతే చదువుకున్నవాళ్ళకి ఇలాంటి ఊహలే వస్తాయి.

ఈ మూడూ తేలికైనవి. నాలుగోదానికి జవాబు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. "అక్కా, ఒట్టేసి చెప్పు, ఆ రోజు నేను కునికానా? ఎనిమిది నెలలుగా ఆలోచిస్తున్నా, నాకే తెలియడం లేదు. నా లైసెన్సు గడువు ఈ నెలాఖరుకి అయిపోతుంది. పోనీ, రెన్యువల్ కట్టించకు. కళ్ళ మీద నమ్మకం పోయినవాడికి స్టీరింగెందుకు?" అని రాశావు. దాని దగ్గరికి వస్తాను. నేరుగా రాలేకపోతున్నాను, కాస్త చుట్టూ తిరిగి రానీ.

పోయిన వారం ఒక మీసాల డ్రైవరు వచ్చాడు. బండి ఎడమపక్కకి ఒరిగి, మాట వినని మనిషి మెడ వంచుకు నిలబడ్డట్టు నిలబడింది. కిందికి దూరి చూశాను. బండి బరువు మోసే ముందు ఎడమ కమాన్ కట్టలో పైన ఉండే మెయిన్ పట్టీ, పిన్ను దూరే చెవి దగ్గర నిలువునా పగిలింది. దాని కింద మరో రెండు పట్టీలు అలిసిపోయి వంపు పోగొట్టుకున్నాయి.

"ఎడమది ఒక్కటీ మార్చి పంపెయ్యమ్మా" అన్నాడు.

"మారిస్తే రెండువైపులా మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు అలిసిపోయింది ఉంటే బండి కుంటుతుంది. స్టీరింగు లాగుతుంది."

"ఓనరు అడిగితే ఏం చెప్పను?"

"నేను చెప్పానని చెప్పు."

"ఆవిడెవరయ్యా అంటాడు."

కొలిమి దగ్గర నుంచి బాబాయి అందుకున్నాడు. "తర్కశాస్త్రంలో ఎమ్మే చేసిన కమాన్ల మేస్త్రి అని చెప్పు. మళ్ళీ నోరెత్తడు."

డ్రైవరు నా చేతుల వంక చూశాడు. గ్రీజు చూశాక కాస్త నమ్మకం కలిగినట్టుంది.

వెనక చక్రాలకి చెక్క దిమ్మెలు పెట్టాం. ఛాసీ కింద స్టాండ్లు వేసి, ముందు చక్రాలు విప్పి, యాక్సిలు బరువు జాకీ మీద ఆపాం. కట్టని యాక్సిలుకి పట్టి ఉంచే యూ బోల్టులు తుప్పు పట్టి కదలనని మొండికేశాయి. బాబాయి వేడి పెట్టాక దిగొచ్చాయి. పిన్నులు కొట్టేటప్పుడు ఆయన "పక్కకి జరుగు, పక్కకి జరుగు" అని కేకలు. ఇరవై ఏళ్ళుగా పక్కకే జరిగి ఉన్నానన్నా ఆగడు. పాత యూ బోల్టులు మళ్ళీ వాడకూడదు, ఒకసారి సాగినవి రెండోసారి పట్టు నిలపవు కదా, కొత్తవే వేశాను. పట్టీలన్నిటినీ నడుమ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు తల యాక్సిలు మీది గుంటలో సరిగ్గా కూర్చునేదాకా తీసి పెట్టి, తీసి పెట్టి, నాలుగు నట్లూ మూలకి మూల కొంచెం కొంచెంగా బిగించాను. బండి బరువు నేల మీద పడ్డాక ఆఖరి బిగింపు. ఈ పని చేస్తున్నంతసేపూ నేను ఒంటరిదాన్నని గుర్తుండదు. చేతులు కడుక్కునేటప్పుడు గుర్తొస్తుంది.

అంతా అయ్యాక డ్రైవరు అడిగాడు. "తెల్ల గీతలు పెట్టవా? ఈ షెడ్డు గీత ఉంటే చెకింగు వాళ్ళు కూడా ఎక్కువ అడగరంటారు."

"ఇప్పుడు కాదు. ఒక లోడు కొట్టి రా. కొత్త పట్టీల మధ్య రంగు అరిగి కట్ట సర్దుకుంటుంది. అప్పుడు మళ్ళీ బిగించాలి. ఆ తర్వాతే గీత."

"అబ్బో, గీతకి ఇంత మర్యాదా!"

నాన్న పెట్టిన మర్యాద అది. రెండో బిగింపు పూర్తయ్యాకే, నట్టు మీద నుంచి బోల్టు కొస దాకా తెల్ల రంగుతో ఒక్క గీత. గీత ఉందంటే మన మాట ఉన్నట్టే. ఈ డ్రైవరు మూడో రోజు తిరిగొచ్చాడు. పానా వేస్తే ఒక్కో నట్టు సగం చుట్టు దాకా తిరిగింది. చూడటానికి ఏ నట్టూ కదల్లేదు, లోపల మాత్రం పట్టు అంత తగ్గిపోయింది. అన్నీ బిగించాను. కుంచె రంగులో ముంచాను. చెయ్యి ముందుకు పోలేదు. బాబాయి చూశాడు. నా చేతిలోంచి కుంచె తీసుకుని తనే గీతలు పెట్టాడు.

ఇక చెప్పక తప్పదు.

ఎనిమిది నెలల కిందట నీ బండికి ముందు కమాన్ కట్టలు రెండూ మార్చింది నేనే. నువ్వు మొదటి లోడు దింపి, రెండో బిగింపు కోసం మధ్యాహ్నం బండి షెడ్డులో వదిలి, పైగదిలో పడుకున్నావు. ఆ రోజు బాబాయి రాలేదు. కుడివైపు నాలుగు నట్లూ బిగించాను. గీతలు పెట్టాను. చేతిలో కుంచె తడిగా ఉంది, డబ్బాలో రంగు గడ్డకడుతోంది. ఎలాగూ ఇప్పుడే బిగిస్తాను కదా అని అటు తిరిగి ఎడమవైపు కూడా ముందే గీతలు పెట్టేశాను. పానా చేతిలోకి తీసుకునేలోపు ఫోన్ మోగింది. మాట్లాడుతూ వీధి చివరిదాకా నడిచాను. అరగంట పట్టింది. తిరిగొచ్చేసరికి బండి లేదు. నువ్వు లేచి, రెండువైపులా తెల్ల గీతలు చూసుకుని, పనైపోయిందనుకుని వెళ్ళిపోయావు. ఎందుకు అనుకోవు? ఆ గీతను చిన్నప్పటి నుంచీ నమ్మినవాడివి.

ఫోన్ నా చేతిలోనే ఉంది. "వెనక్కి రా, ఎడమవైపు బిగించలేదు" అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకంటే ఎక్కడికి పోయావని అడుగుతావు. ఆ ఫోన్ ఒక కాలేజీ నుంచి వచ్చింది. నీకు చెప్పకుండా పాఠాలు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. షెడ్డు వదిలి వెళ్ళిపోవాలనుకున్నాను. అది నీతో ఎలా చెప్పాలో తేల్చుకోలేక, కొంచెం వదులు ఉంటే ఏమవుతుందిలే, వచ్చే ట్రిప్పులో చూద్దాంలే అనుకున్నాను. అంత చదువుకుని నేను చేసిన తర్కం అది. ఆ ఉద్యోగం రాలేదు. వచ్చి ఉంటే నీకు నిజం ముందే చెప్పేదాన్నా, అసలు చెప్పేదాన్నే కాదా? ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా నా మీద నాకు నమ్మకమైన జవాబు దొరకలేదు.

నాలుగో రోజు నీ బండి పెంకుల లోడుతో ఎడమ గుంటలోకి దిగింది. నీ భుజం జారింది. బండిని మన షెడ్డుకే లాక్కొచ్చారు. నీ బండి ఓనరు వంగి చూసి, "గీతలు చెక్కుచెదరలేదు. బిగింపులో లోపం లేదు. మీవాడే కునికాడు" అన్నాడు. నువ్వు చేతికి కట్టుతో అక్కడే నిలబడి ఉన్నావు. నా వైపు చూశావు. నేను జాకీ కోసం వెతుకుతున్నట్టు తల తిప్పుకున్నాను.

అందరూ వెళ్ళాక నేనొక్కదాన్నే ఎడమ కట్ట విప్పాను. సెంటర్ బోల్టు రెండు ముక్కలై ఉంది. గుంటలో పడ్డ దెబ్బకే విరిగి ఉంటే విరుపు గరుగ్గా ఉండేది. అది నున్నగా అరిగిపోయి ఉంది. కట్ట కూర్చునే చోటు యాక్సిలు కూడా రాసుకుని రాసుకుని మెరుస్తోంది. నాలుగు రోజులు వదులుగా కొట్టుకుని, ఆఖరికి బోల్టు తెగి, ఎడమ చక్రం వెనక్కి జరిగింది. అందుకే స్టీరింగు నిన్ను లాగేసింది. "ఏదో లాగినట్టయింది, కళ్ళు మూసుకుపోయాయేమో" అని నువ్వన్నప్పుడు, మొదటి సగం నిజమనీ రెండో సగం మేమంతా కలిసి నీకు నూరిపోసిందనీ నాకొక్కదానికే తెలుసు. అయినా ఊరుకున్నాను. నీకు ఇంకెవరూ బండి ఇవ్వలేదు. ఇచ్చినా తీసుకునేవాడివి కాదు. పెట్టె సర్దుకుంటుంటే చొక్కాలు మడిచి ఇచ్చాను.

ఈ ఎనిమిది నెలల్లో చెబుదామని ఎన్నిసార్లు కాగితం తీశానో. చెబితే నువ్వు నన్ను వదిలేస్తావని భయం. చెప్పకుండానే నిన్ను పోగొట్టుకుని కూర్చున్నానని ఆలస్యంగా అర్థమైంది.

ఇవాళ పొద్దున బాబాయికి చెప్పాను. సుత్తి కింద పెట్టాడు. "ఆ రోజు నేను రాకపోవడం నీకు కలిసొచ్చిందన్నమాట" అన్నాడు. మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయాడు. రేపు వస్తాడో రాడో. తర్వాత నీ ఓనరు దగ్గరికి వెళ్ళి, ఇన్నాళ్ళూ దాచిన బోల్టు ముక్కలు రెండూ బల్ల మీద పెట్టి అంతా చెప్పాను.

"ఎనిమిది నెలలు నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?" అన్నాడు.

"వాడు కునకలేదని ఇక్కడి డ్రైవర్లందరికీ మీరే చెప్పాలి. మీ నోటితోనే కదా అందరికీ తెలిసింది" అన్నాను.

"చెబుతాను. నీ పేరూ చెబుతాను."

"చెప్పండి."

రేపటి నుంచి షెడ్డుకి బళ్ళు వస్తాయో లేదో చూడాలి. రాకపోతే అది న్యాయమే. ఆ సంగతి నాకు వదిలెయ్, నీ ఉత్తరంలో దాని గురించి ఓదార్పు రాయకు. కోపం ఉంటే రాయి. ఏమీ రాయకపోయినా అర్థం చేసుకుంటాను. లైసెన్సు కట్టించుకుంటావో మానేస్తావో నీ ఇష్టం, అక్కడే కట్టించుకునే వీలుందని కనుక్కున్నాను. పెట్టెలు పేర్చడమే బాగుందనిపిస్తే అదే చెయ్యి. కానీ నీ కళ్ళకి భయపడి మాత్రం మానెయ్యకు.

ఒట్టేసి చెప్పమన్నావు. ఎవరి మీద ఒట్టేసినా నా ఒట్టు నువ్విప్పుడు నమ్మక్కర్లేదు. ఓనరుని అడుగు, బాబాయిని అడుగు, ఆ బోల్టు ముక్కలు చూసిన ఏ మెకానిక్‌నైనా అడుగు. నువ్వు కునకలేదు. రోడ్డు చూస్తూనే ఉన్నావు.

ఇట్లు,
తప్పు చేసిన
అక్క