మీ మిల్లుకు వస్తున్న బాయిలర్

తమ్ముడూ, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

మీ మిల్లుకు కొత్త బాయిలర్ వస్తోందని సంబరపడుతూ రాశావు. అది కొత్తది కాదు నాన్నా, ఇన్నేళ్లూ మా అద్దకం షెడ్డులో పొగ కక్కినదే. పొగ తగ్గిస్తేనే బట్ట కొంటామని బయటి దేశాల వ్యాపారులు పట్టుబట్టారు. దాంతో మా యజమాని కరెంటు బాయిలర్ తెప్పించి, పాతదాన్ని మీకు అమ్మేశాడు.

నిన్న దానికి పచ్చరంగు వేస్తున్న పెయింటరు, "చూడు పెద్దక్కా, పెళ్లికూతురిలా లేదూ?" అన్నాడు. "దగ్గు తగ్గకుండానే అత్తారింటికి పంపుతున్నారు కదయ్యా," అన్నాను. అతను నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. మీ ఇల్లు మిల్లు గోడను ఆనుకునే ఉంది, ముందు గదిలో అమ్మ ఉంది.

బిగించకముందే పొగగొట్టానికి ఫిల్టరు పెట్టమని మీ మేనేజరును అడుగు. ఒక్కడివే వెళ్లకు, నలుగురినీ వెంటబెట్టుకో. అమ్మ మంచం వెనక గదిలోకి మార్చు. ఆయాసం మందు ఇంకా ఉందా? మరదలి మోకాలి నొప్పి ఎలా ఉంది?

ఈ పొగ మా షెడ్డు వదిలి పోవాలని ఏళ్లుగా దేవుణ్ణి వేడుకున్నాను. ఎక్కడికి పోతుందో అడగాలని మాత్రం తోచలేదు. మిమ్మల్నందరినీ ఆయన చల్లగా చూడాలి.

మీ అక్క