గంజి పెట్టిన ప్యాంటు

సిరిసిల్ల,
ఆదివారం పొద్దున.

అక్కకు,

తమ్ముడు రాజయ్య దండాలు పెట్టి రాస్తున్నాను. నువ్వూ బావా ఎట్లున్నారు? బావ దగ్గు తగ్గిందా? ఇక్కడ నేనూ, నా మనవరాలు రవళీ బాగున్నాము. ఇప్పుడైతే నిజంగానే బాగున్నాము. నడుమ కొన్ని రోజులు బాగా లేము. ఫోనులో చెబుదామంటే నీకు సరిగ్గా వినబడదు. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

మన రుద్రంగి విడిచి వచ్చాక ఇక్కడ మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పని దొరికింది. కూర్చుని చేసే పని. తాటిచెట్లు ఎక్కిన కాళ్ళకు ఇది సుఖమే. మగ్గాల మోతకు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, నాకు అదీ మంచిదే. సాయంత్రం మాత్రం తోచదు. రుద్రంగి బస్సు పోతుంటే కాసేపు చూసి లోపలికి వస్తాను. ఎండ బాగా ఉంది. తిండికి లోటు లేదు, నువ్వు ఇచ్చిన మామిడి తొక్కు అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం పంపు.

రవళి సంగతి నీకు తెలుసు కదా. నా బిడ్డ లక్ష్మి మల్లాపూర్‌లో బర్రెలను విడిచి రాలేక, పిల్లను నాకు అప్పజెప్పింది. పోలీసు ఉద్యోగానికి ముందు పరుగులో పాస్ కావాలట. వీళ్ళు దాన్ని ఈవెంట్లు అంటారు. పిల్ల తెల్లారకముందే గ్రౌండుకు పోయి పరుగెత్తి వచ్చేది. మా గోడ పక్కన దర్జీ పని చేసే షాహీన్ అని ఒకామె ఉంది. పరుగుకు పనికొస్తుందని నేను నూలు గుడ్డ తెస్తే ఆమె ప్యాంట్లు కుట్టి ఇచ్చింది.

పిల్ల అలసిపోయి వస్తుంది కదా అని బట్టలు నేనే పిండేవాడిని. అన్నం వార్చిన గంజి పారబోయడానికి నాకు చేయి రాదు, నీకు తెలుసు. ఆ గంజిలోనే ప్యాంట్లు ముంచి ఎండలో ఆరేసేవాడిని. గోడకు ఆనిస్తే అవి మనిషి లెక్క నిలబడేవి. పోలీసు కావాల్సిన పిల్ల, బట్టలు అట్లనే ఉండాలని సంబరపడ్డాను.

కొన్నాళ్ళకు పిల్ల కాళ్ళు ఎడంగా వేసి నడవడం మొదలుపెట్టింది. పిక్కలు పట్టేశాయేమో అనుకున్నాను. ఒకరోజు గ్రౌండు నుంచి తొందరగా వచ్చి, గడప మీద కూర్చుని, ఈసారి ఈవెంట్లకు పోను తాతా, వచ్చేసారి చూద్దాం అంది. అప్పటికి ఇంకా వారమే ఉంది. ఈసారి తప్పితే ఉద్యోగాలకు మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఎందుకని నేను అడగలేదు. పిల్ల చెప్పలేదు. ఆడపిల్లను ఏమని అడగాలి అక్కా? ఇద్దరమూ నేల చూసుకుంటూ కూర్చున్నాము.

చివరికి షాహీన్ దగ్గరికి పోయి, నువ్వు కనుక్కో తల్లీ అన్నాను. ఆమె మా ఇంటికి వచ్చి, పిల్ల దగ్గరికి లోపలికి పోయి తలుపు వేసింది. కాసేపటికి ప్యాంటు చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది.

"తాతా, గీ బట్టలు ఎవలు పిండుతున్నరు?"

"నేనే."

"గంజి పెడుతున్నవా?"

"పెడుతున్న. పోలీసోళ్ళ బట్టలు గట్లనే ఉంటయి గద."

"పోలీసైనంక పెట్టు. కాళ్ళ నడుమ కుట్టు కత్తి లెక్కయింది. తొడలు రెండూ ఒరుసుకపోయి నెత్తురొస్తుంది పిల్లకు. నీకు చెప్తే చిన్నబోతవని చెప్పలే."

ఆ పూట అన్నం వార్చి గంజి పక్కింటి బర్రెల తొట్టిలో పోసి వచ్చాను. తర్వాత పిల్ల దగ్గర కూర్చుని, నేను చేసిన పనే బిడ్డా అన్నాను.

"నాకెరుకే తాతా. నువ్వు ఎండల నిలబడి ఆరేస్తుంటే ఎట్ల వద్దంట?"

నా మీద కోపం చేసినా బాగుండేది.

ఇక నాలుగు రోజులు పరుగు ఆపించాము. గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుని, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోమంది షాహీన్. నేను పౌడర్ డబ్బా కొనుక్కొస్తే, పుండు మీద మంట పెడుతుంది, చెమటకు ముద్దలవుతుంది, వద్దని పక్కన పెట్టించింది. ప్యాంటు కుట్లు విప్పి, తొడల నడుమ కుట్టు రాకుండా ఒకే ముక్క వేసి, ఒంటికి అతుక్కునేటట్టు మళ్ళీ కుట్టింది. నేను సబ్బు మిగలకుండా, చెమట ఉప్పు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి జాడించాను. పుండు మానినాక పరుగుకు ముందు తొడలకు, చంకలకు వాసెలిన్ రాసుకునేది. వచ్చిన వెంటనే తడి బట్టలు మార్చుకునేది. ఈవెంట్ల రోజుకు కొత్త ప్యాంటు కొందామన్నాను. కొత్తది వద్దు, పరుగెత్తి అలవాటైనదే మంచిదంది షాహీన్.

నిన్ననే పరుగు. గేటు దగ్గర అంతమంది ముందు, తాతా, వాసెలిన్ డబ్బా ఇయ్యి అని చేయి చాపింది. జేబులోంచి తీసి ఇచ్చాను. వెంట వచ్చిన వాళ్ళను లోపలికి రానివ్వలేదు. ఎండలోనే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. బయటికి వచ్చి, పాసైన తాతా అంది. నాకు అది చెవికెక్కలేదు.

"ఒరుసుకుందా బిడ్డా?" అని అడిగాను. నోరు తెరిచి అడిగాను అక్కా.

"లేదే తాతా," అని నవ్వింది.

ఇంకా రాసే పరీక్ష ఉంది. నువ్వూ బావా మనసారా దీవించండి. వచ్చే వారం పిల్ల మీ దగ్గరికి వస్తుంది, కాళ్ళు మొక్కుతుంది. వాడలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. నా గురించి రంది పెట్టుకోవద్దు, నేను బాగున్నాను. ఈ సంగతి లక్ష్మికి నేనే చెబుతాను.

ఇంకొక్క మాట. అక్కా, నీకు ఎక్కడ నొప్పి ఉన్నా దాచుకోకు. తమ్ముడికి చెప్పడానికి సిగ్గయితే, రవళి వచ్చినప్పుడు దానికి చెప్పు. అది నాకు చెబుతుంది. ఇప్పుడు చెబుతుంది.

నీ చేతి అన్నం తిని పెరిగిన తమ్ముడు,
రాజయ్య