భుయ్యాడీహ్ బోరు నీళ్ల గ్రాఫు

మావయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ ఇంట్లో భోజనాలకి కూర్చోలేక మనిద్దరం పనిచేసిన ల్యాబుకి వచ్చేశాను.

నిన్న నీ పాత ఫైళ్లు కొత్త కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే మన భుయ్యాడీహ్ బస్తీ బోరు నీళ్ల రిపోర్టు కనబడింది. క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఆ నీళ్లలో లేదని నువ్వు సంతకం పెట్టినదే. మెషీన్ శుభ్రంగా ఉందో లేదో చూడటానికి అదే రోజు స్వచ్ఛమైన నీళ్లతో వేసిన ఖాళీ రన్ గ్రాఫు దాని పక్కనే ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. గీతలోని చిన్న వణుకులో కూడా తేడా లేదు. ఒకే శాంపిల్ రెండుసార్లు వేసినా గీతలు అలా కలవవని నేర్పింది నువ్వే.

"ముందు ఖాళీ రన్ ఎయ్యమ్మీ, అప్పుడే మిసను మాట నమ్మాల" అనేవాడివి. ఆ ఖాళీ రన్‌కే బోరు పేరు పెట్టి ఇచ్చేశావు. బోరు నీళ్ల అసలు ఫైలు వేరే ఫోల్డర్లో దొరికింది. బెంజీన్ గీత నిటారుగా లేచి ఉంది.

అమ్మకి చెప్పాను. "ఏటే, మీ మావయ్య సూసి తాగమన్నాడు గదా! ఇన్నేళ్లూ అయ్యే తాగుతన్నాం" అంది.

ఆ రిపోర్టు ఇచ్చిన వారమే మీ ఇంట్లోకి నీళ్ల డబ్బాలు దిగాయి. ఎందుకని అడిగితే, "మీ అత్తకి మోకాళ్ల నొప్పులమ్మీ, బోరు కొట్టలేకపోతంది" అన్నావు.

మొదటి డబ్బా స్టాండు మీదికి ఎత్తి పెట్టింది నేనే. తర్వాత మా ఇంటికెళ్లి అమ్మకి రెండు బిందెలు బోరు నీళ్లు కొట్టి ఇచ్చాను.